ఒడ్డు మీద ఓదెలు

నేను ఒక లారీ ట్యూబును. నల్లటి రబ్బరు, మధ్యలో బొక్క, లోపల గాలి. అంతకు మించి నా గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. అందంగా చెప్పడం కూడా నాకు రాదు. నాకు గాలి కొట్టారు గానీ కవిత్వం కొట్టలేదు. వినేవాళ్లు వినండి, ఓపిక లేనివాళ్లు దారి వదలండి.

ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో, ఆవిరితో ఉడికే అచ్చులో పుట్టాను. నన్ను అచ్చులోంచి లాగిన చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. ఆ చేతుల మీద ఉన్న ముఖం నేను చూడలేదు. కంపెనీ పేరు మాత్రం నా వీపు మీద పెద్ద అక్షరాలతో కొట్టారు. చేసినవాడి పేరు ఎక్కడా లేదు. లోకంలో అన్ని వస్తువుల సంగతీ ఇంతే కాబట్టి నేనొక్కదాన్నే కూర్చుని ఏడవలేదు.

అక్కడి నుంచి ఒక బొగ్గు లారీ టైరులోకి నన్ను దూర్చారు. టైరు లోపల ఎలా ఉంటుందో మీకెవరికీ తెలియదు. కటిక చీకటి, వేడి, మీద టన్నుల బరువు. లారీ పోతుంటే దారిన పోయేవాళ్లు దాని రంగు చూస్తారు, హారను వింటారు, వెనక రాసిన మాట చదివి నవ్వుకుంటారు. మోసేవాడిని మాత్రం ఎవడూ చూడడు. వాడు పేలితే అప్పుడు చూస్తారు, అదీ తిట్టడానికి. గోదావరి వంతెన దిగిన చోట నాలో ఒక మేకు దిగింది. డ్రైవరు నన్నూ నా తల్లినీ కలిపి తిట్టి, వేరే ట్యూబు వేయించుకుని, నన్ను ఖాజా పంక్చరు షాపు ముందు విసిరేసి పోయాడు.

ఓదెలు నాకు అక్కడే దొరికాడు. నేనే ఆయనకు దొరికానని ఆయన అనుకునేవాడు. మనుషులు అట్లాగే అనుకుంటారు.

మొదటి షిఫ్టు దిగి సైకిలు మీద ఇంటికి పోతున్నాడు. బొగ్గుబాయిలో తట్టా పారా పట్టి బొగ్గు ఎత్తే మనిషి. ముఖం కడుక్కున్నాడు గానీ కనురెప్పల అంచున బొగ్గు అట్లాగే ఉంది, కాటుక పెట్టుకున్నట్టు. సైకిలు ఆపి నన్ను కాలితో తట్టి చూశాడు.

"ఖాజా భాయ్, గీ ట్యూబు పారేస్తవా?"

"నీకెందుకన్నా? బర్రె మెడకేస్తవా?"

"నా మెడకే ఏస్కుంట."

ఖాజా నవ్వుకుంటూ నాకు ప్యాచీ వేసి ఇచ్చాడు. ఓదెలు నిజంగానే నన్ను దండలాగా మెడలో వేసుకుని ఇంటికి తొక్కాడు. కాలనీలో పిల్లలు వెంట పడ్డారు. క్వార్టరు ముందు చింతపండు పిసుకుతున్న ఆయన భార్య బుచ్చవ్వ తలెత్తి చూసింది.

"లారీ ముక్క పట్టుకొచ్చినవ్. మిగిలిన లారీ ఎప్పుడొస్తదయ్యా?"

"ముందుగాల గిది. ఎనుక లారీ."

"పెట్టే జాగ లేదు. నువ్వు ఎట్లాగూ బయటనే పంటవ్ గద, నీ మంచం కింద పెట్టుకో."

అవును, ఆయన బయటే పడుకునేవాడు. ఎండాకాలం, చలికాలం, వాకిట్లోనే నులక మంచం. వాన దంచి కొడితే తప్ప అరుగు ఎక్కేవాడు కాదు. పగలంతా భూమి కడుపులో ఉండే మనిషికి మళ్లీ తల మీద కప్పు అంటే గిట్టదు. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. టైరులోంచి బయటపడ్డదాన్ని, నాకు ఒక్క చూపుకే అర్థమైంది.

కాలనీలో మిగతా మగవాళ్లు డ్యూటీ దిగి పేకపత్తాలాడేవారు, కల్లు తాగేవారు, నిద్రపోయేవారు. ఓదెలు పొద్దు ఉండగానే బయట పడేవాడు. ఆయనకు ఉన్న షోకులు ఒకటీ రెండూ కాదు. గాలం వేసేవాడు. నా మీద వెల్లకిలా పడుకుని గోదావరి మడుగు మధ్యకు పోయి, బొడ్డు మీద గాలం కర్ర ఆనించి, చేప పడ్డా పడకపోయినా ఆకాశం చూసేవాడు. నీటికాకులు మునిగి ఎక్కడ తేలతాయో తనలో తానే పందెం కాసుకుని తానే ఓడిపోయేవాడు. వాకిట్లో పావురాలు పెంచాడు. ఎండాకాలం గోదావరి ఇసుకలో దోసపాదులు పెట్టాడు. సైకిలు మీద భార్యను వెనక కూర్చోబెట్టుకుని మేడారం జాతరకు పోయి వచ్చాడు. అడవిలో తేనె దులిపేవాడు.

తేనె సంగతి చెప్పాలి. ఒకసారి ఏటి గడ్డ మీద మద్దిచెట్టుకు పెద్ద తేనెపట్టు ఉంది. ఈయన పొగ పెట్టాడు. పొగ ఒక దిక్కు, గాలి ఒక దిక్కు. ఈగలు లేచాయి. ఓదెలు ఉరికి నీళ్లలో దూకి నా బొక్కలో తల పెట్టి దాక్కున్నాడు. ఒడ్డున బట్టలు ఉతుకుతున్న బుచ్చవ్వను కుట్టాయి. మూతి బూరెలాగా వాచింది. ఆ వాచిన మూతితోనే ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి కుదరదు. రాత్రికి ఆ తేనెను రొట్టెలో అద్దుకుని తిన్నవాళ్లందరూ ఓదెలు ధైర్యాన్ని మెచ్చుకున్నారు.

మీకు నచ్చినా నచ్చకపోయినా ఒక మాట మొహం మీదే చెబుతున్నాను. ఓదెలు షోకులన్నీ బుచ్చవ్వ రెక్కల మీద నడిచాయి. చేప పట్టినవాడు ఆయన, పొలుసు తీసింది ఆమె. పావురాలు ఎగరేసింది ఆయన, వాటి పెంట ఎత్తింది ఆమె. సెలవు రోజు ఇంటిల్లిపాదీ గోదావరికి పోతే ఆయనకూ పిల్లలకూ అది పండుగ, ఆమెకు అది రేవు. వారం బట్టల మూట ఆమె నెత్తి మీదే పోయేది, ఆమె నెత్తి మీదే వచ్చేది. లారీని మోసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. బరువు ఎవరి మీద ఉందో నాకు తెలుస్తుంది.

"నువ్వూ దిగరాదే బుచ్చీ," అన్నాడు ఓదెలు మొదటి ఏడు.

"ఇద్దరం దిగితే బట్టలెవరు సూత్తరు? కుక్క ఎత్కపోతే బరిబత్తల ఇంటికి పోతవా?"

ఓదెలు పకపకా నవ్వి మునిగాడు. ఆ మాట అక్కడితో అయిపోయింది.

అట్లాగని ఆయన చెడ్డవాడని కాదు. చెడ్డవాడైతే ఈ కథ చెప్పే పని నాకేంటి? ఒక ఏడు సమ్మె పడింది. వారాలు గడిచాయి. కాలనీలో పొయ్యిలు ఆరిపోసాగాయి. అప్పుడు ఓదెలు షోకు కాలనీకి కూడు పెట్టింది. చీకటితోనే నన్ను వేసుకుని మడుగు మీదికి పోయేవాడు. ఎండెక్కేసరికి బుట్ట నిండా జెల్లలు, పరిగెలు. వరుసలో మొదటి ఇల్లు, చివరి ఇల్లు అనే తేడా లేకుండా పంచేవాడు. సమ్మెకు ఎదురు తిరిగి డ్యూటీకి పోయినవాడి ఇంటి ముందు కూడా నాలుగు చేపలు పెట్టాడు. "వానికెందుకన్నా?" అని తోటివాళ్లు గరమయ్యారు. "వాడు లంగ, దొంగ. వాని పిల్లలేం జేసిండ్రు?" అన్నాడు. ఆ చేపల పొలుసు తీసి తీసి బుచ్చవ్వ వేళ్లు చీరుకుపోయాయి. అయినా ఆ రోజుల్లో ఆమె ఆయనను ఒక్క తిట్టు తిట్టలేదు.

ఇక ఈత. ఆ ఇంటి పిల్లలు, ఇరుగుపొరుగు పిల్లలు, అల్లుడు, కోడలి తమ్ముడు, అందరూ నా మీదే ఈత నేర్చారు. నా ఇత్తడి ముక్కు, అదే గాలి కొట్టే వాల్వు, గీరుకుని వాళ్లందరి పక్కటెముకల మీద గీతలు పడ్డాయి. ఓదెలు నేర్పే పద్ధతి ఎవరికీ లేని పద్ధతి. మొదటి రోజు నన్ను గాలితో బిర్రుగా నింపేవాడు. పిల్లవాడు నన్ను పట్టుకుని కాళ్లు కొట్టేవాడు. మర్నాడు వాడికి తెలియకుండా వాల్వు పిన్ను గోటితో నొక్కి కొంచెం గాలి తీసేవాడు. ఆ మర్నాడు ఇంకొంచెం. వాడు నన్నే నమ్ముకుని ఈదుతుంటాడు, నేనేమో రోజురోజుకూ చిక్కిపోతుంటాను. చివరికి నేను తడిసిన గోనెసంచిలా వేలాడుతున్నా వాడికి తెలిసేది కాదు. అప్పుడు ఓదెలు మడుగు నడుమ నన్ను లాక్కుని పైకెత్తి చూపించేవాడు.

"ఇగ జూడు కొడుకా! ఇన్నొద్దులు దేని మీదున్నవ్?"

వాడు చూసి బెదిరి ఒక గుటక నీళ్లు మింగేవాడు. తర్వాత ఈదేవాడు. కొడుకు సదయ్య అట్లాగే నేర్చాడు. బిడ్డ సారక్క అందరికంటే తొందరగా నేర్చింది. ఒడ్డు మీద బండ పక్కన కూర్చుని బుచ్చవ్వ ఈ తమాషా అంతా చూస్తుండేది. ప్రతి ఏడూ, ప్రతి పిల్లవాడితో.

ఏళ్లు గడిచాయి. ఓదెలు డ్యూటీ దిగిపోయాడు, ఈసారి మొత్తానికే. ఇక రోజంతా ఆకాశమే అనుకున్నాడు. భూమి కడుపులోంచి ఆయన బయటికి వచ్చాడు గానీ, అక్కడి దుమ్ము ఆయన రొమ్ములోంచి రాలేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. దగ్గు మొదలైతే మంచం పట్టె పట్టుకుని ఊగిపోయేవాడు. డాక్టరు ఫోటో తీయించి చూసి, నీళ్లలో దిగొద్దు, చలిగాలి వద్దు, ఇంటి పట్టున ఉండాలి అని చెప్పాడు.

సదయ్య అప్పటికి ఆఫీసులో కొలువు చేసుకుంటూ స్లాబు ఇల్లు కట్టాడు. మంచి కొడుకే. తండ్రి అంటే ప్రాణం. ప్రాణం కాబట్టే గది ఇచ్చాడు, ఫ్యాను పెట్టాడు, కిటికీ మూశాడు. పావురాలను ఎవరికో ఇచ్చేశాడు. గాలం కర్రలను కట్ట కట్టి, నన్ను మడిచి, అదే గదిలో సజ్జ మీద పడేశాడు. నేను పైన, ఓదెలు కింద. ఇద్దరం ఒకే కప్పు కింద.

అప్పుడు మొదలైంది ఆ చప్పుడు. బాయిలో దిగినవాళ్లు పని మొదలుపెట్టే ముందు పైకప్పును కట్టెతో కొట్టి చూస్తారట. గట్టి చప్పుడు వస్తే పని చేస్తారు, డొల్ల చప్పుడు వస్తే పరుగెత్తుతారు. ఓదెలు మంచం మీద నిలబడి చేతికర్రతో స్లాబును కొట్టడం మొదలుపెట్టాడు. టక్. టక్. పొద్దున లేవగానే, అన్నం తినే ముందు, పడుకునే ముందు.

"బాపూ, సిమెంటు స్లాబు. కూలదే," అన్నాడు సదయ్య.

"ఎరికే కొడుకా," అని ఓదెలు మళ్లీ కొట్టాడు.

కొడుకు అలవాటు అనుకున్నాడు. కోడలు చాదస్తం అనుకుంది. బుచ్చవ్వ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత వచ్చి మంచం మీద కూర్చుంది.

"ఏమైతాందయ్యా నీకు?"

"బాయిల ఉన్నట్టే ఉన్నదే. డ్యూటీ దిగుడు ఒక్కటే లేదు."

"ఏం గావాలె?"

ఆయన ఊపిరి కూడదీసుకుని చెప్పాడు. మడుగు అవతల ఇసుక తిప్ప ఉంది కదా, దాని మీద ఒక్కసారి ఎండకు పండుకోవాలి. అంతే. ఇంకే కోరికా లేదు.

ఆ తిప్పకు నడిచిపోవడానికి లేదు. మధ్యలో మడుగు ఆళ్లెత్తు లోతు. బుచ్చవ్వ సదయ్యను అడిగితే "డాక్టరు వద్దన్నడు గద అవ్వా, నా చేతుల్తోని నేను చంపుకోవాల్నా బాపును?" అన్నాడు. కండ్లనీళ్లు పెట్టుకున్నాడు కూడా. ఆమె, ఓదెలు చేతి మీద ఈత నేర్చిన మగవాళ్లను కాలనీలో ఇంటింటికీ పోయి అడిగింది. "నడిమిట్ల పాణం పోతే మా మీదికొస్తది వదినే," అన్నారు. అందరూ ఆయనను మెచ్చుకున్నారు. ఒక్కడూ వస్తానని అనలేదు. మెచ్చుకోవడం తేలిక, మోయడమే బరువు.

బుచ్చవ్వ తిరిగి వచ్చి, స్టూలు వేసుకుని, సజ్జ మీదున్న నన్ను కిందికి ఈడ్చింది. నా మీది దుమ్ముకు తుమ్మింది.

"ఎవ్వడు రాకుంటే పీడ పాయె. నేనే తీస్కపోత."

"నీకు ఈత రాదు గదనే."

"నేర్పు."

ఓదెలు ఆమె ముఖంలోకి చూశాడు. దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక నవ్వు వచ్చింది. నవ్వితే మళ్లీ దగ్గు వచ్చింది.

మర్నాడు పొద్దున ఆటోలో నదికి పోయారు. సారక్క కూడా పక్క ఊరి నుంచి వచ్చింది, అమ్మకు తోడుగా నీళ్లలో నిలబడడానికి. ఈత వచ్చినా, నన్ను నెడుతూ తండ్రిని పట్టుకోవడం బిడ్డ ఒక్కదానితో అయ్యే పని కాదు. బుచ్చవ్వ చీర గోసి పెట్టుకుని మోకాలి లోతు దిగి ఆగిపోయింది. జీవితమంతా ఆ నీళ్లతో బట్టలు ఉతికిన మనిషి. అయినా నడుము దాటి ఆ నీళ్లు ఆమెను ఎప్పుడూ తాకలేదు. ఓదెలు ఒడ్డు మీద, బట్టల బండ పక్కన, ఆమె ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు. నెత్తి మీద తువ్వాల. ఒళ్లో ఆమె చెప్పులు, మందుల సంచి.

"కాళ్లు కొట్టే! పిండి దంచినట్టు కాదు, మెల్లగ!"

"నువ్వు నోరు మూసుకో. ఊపిరి దాసుకో!"

దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. ముసల్దానికి ఈత మోజు పుట్టిందని రేవులో నవ్వుకున్నారు. ఆ మాట సదయ్య ఆఫీసు దాకా పోయింది. సాయంత్రం వాడు ఇంటికి వచ్చి తల పట్టుకున్నాడు.

"గీ వయసుల గిదేందవ్వా? నలుగురేమంటరు?"

"ఆ నలుగుర్నీ రమ్మను కొడుకా. మీ బాపును బతికుండంగ మోస్తరేమో అడుగుత."

సదయ్య బూట్లు విప్పుకుంటూ లోపలికి పోయాడు.

కొన్నాళ్లు నన్ను పట్టుకుని కాళ్లు కొట్టడం సాగింది. కొంచెం ధైర్యం వచ్చింది. ఇక ఓదెలు తన పాత విద్య బయటికి తీశాడు. ఆమె అవతలికి తిరిగి కొంగు బిగించుకుంటున్నప్పుడు, ఒడ్డున ఉన్న నా వాల్వు మీద మెల్లగా గోరు పెట్టాడు. స్స్...

"ఏయ్!"

ఆమె వెనక్కి తిరగకుండానే అరిచింది. తర్వాత తిరిగింది. కళ్లలో నిప్పులు.

"నా కాడనా నీ ఆటలు? గీ బండ మీద కూసోని ఎందర్ని జూసిననయ్యా? నువ్వు ఏ పొద్దు ఎంత గాలి తీస్తవో నాకు ఎరిక లేదా?"

ఓదెలు ముఖం చూడాలి ఆ క్షణాన! నీళ్లలో ఉన్న ప్రతివాడినీ మోసం చేసి ఈత నేర్పిన మనిషి, ఒడ్డున కూర్చున్న మనిషి చూస్తోందని ఇన్నేళ్లలో ఒక్కసారీ అనుకోలేదు. ఆయన విద్య ఊరందరి మీదా పనిచేస్తుంది, ఈమె ఒక్కదాని మీద తప్ప.

ఇక చిక్కు వచ్చి పడింది. ఆమెకు అనుమానం పట్టుకుంది. దిగే ముందు నన్ను బొటనవేలితో నొక్కి చూసేది. గాలి నిండా ఉంటే ధైర్యం, రవ్వంత మెత్తబడితే వణుకు. అట్లా ఎన్ని రోజులు పోయినా నన్ను వదిలేది కాదు. నన్ను పట్టుకుని తేలుతూ ఆయనను ఎక్కించుకుని మడుగు దాటించడం అయ్యే పని కాదు. అక్కడేమో ఎండాకాలం కరిగిపోతోంది. వానలు పడితే గోదావరి నిండుతుంది, తిప్ప మునుగుతుంది. ఓదెలు రొమ్ము వచ్చే ఎండాకాలం దాకా ఆగదని డాక్టరు చెప్పక్కర్లేదు, ఆ దగ్గే చెబుతోంది.

ఒక పొద్దున ఆమె నీళ్లలోంచి బయటికి వచ్చి నన్ను ఇసుకలో పారేసింది.

"గీ ట్యూబు వద్దు. మోసం చేసి నేర్పుడు పిల్లలకు. నాకు నిజం చెప్పు. ఇది ఇడిసిపెడితే ఏమైత?"

ఓదెలు ఇసుకలో పడ్డ నన్ను ఒకసారి చూశాడు. ఆయనకు నిజం చెప్పి నేర్పడం అలవాటు లేదు. చివరికి చెప్పాడు.

"మునుగుతవ్."

"మునిగితే?"

"ముక్కులకు నీళ్లు పోతయ్. మండుతది. సస్తనని అనిపిస్తది. చేతులు కొట్టుకోకుంటే పైకొస్తవ్. కొట్టుకుంటే మల్ల మునుగుతవ్. సారక్క పక్కన ఉంటది, పట్టుకుంటది. గంతే. గంతకన్న నాకూ ఎరిక లేదు."

"ముందుగాల్నే చెప్తే అయిపోవు గద," అని ఆమె ఖాళీ చేతులతో దిగింది.

మునిగింది. నీళ్లు మింగింది. పైకి వచ్చి ఓదెలునూ, ఓదెలును కన్న తల్లినీ, గోదావరినీ, బొగ్గుబాయినీ వరుసపెట్టి తిట్టింది. మళ్లీ మునిగింది. నేను ఇసుకలో పడి చూస్తున్నాను. నా మీద ఆధారపడకుండా ఒక మనిషి నీళ్లలో నేర్చుకోవడం నేను చూడడం అదే మొదలు. పిల్లల ఈత చాలా చూశాను. అందులో ఆట ఉంటుంది. ఇందులో ఆట లేదు. తెలిసి తెలిసి మునిగే మనిషిని చూస్తే రబ్బరుకు కూడా ఒళ్లు జలదరిస్తుంది.

వానలకు ముందు వచ్చే ఉరుములు మొదలైన వారంలో ఆమె మడుగు దాటి తిప్పను ముట్టుకుని తిరిగి వచ్చింది. ఒడ్డున ఓదెలు లేచి నిలబడి చేతికర్ర గాలిలో ఊపాడు. అరవడానికి ఆయనకు ఊపిరి లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఎండ దంచుతుంటే నన్ను గాలితో బిర్రుగా నింపారు. ఓదెలును నా బొక్కలో కూర్చోబెట్టారు. కాళ్లు నీళ్లలో, చేతులు నా మీద. తూకంలో ఏమీ మిగల్లేదు ఆయన. లారీ మోసినదాన్ని, ఆ తేలికకు నాకే భయమేసింది. వెనక నుంచి బుచ్చవ్వ నెడుతోంది, పక్కన సారక్క. వద్దు వద్దంటూనే సదయ్య కూడా వచ్చి, ప్యాంటు మడిచి, ఒడ్డున నీళ్ల అంచున నిలబడ్డాడు.

సరిగ్గా మడుగు నడుమ దగ్గు అందుకుంది. నేను ఊగిపోయాను. ఆయన ముందుకు వంగిపోయాడు. ఒడ్డు నుంచి సదయ్య "వాపసు రా అవ్వా!" అని కేకేశాడు. ఓదెలు కూడా చేయి ఊపాడు, వెనక్కి తిప్పమని. బుచ్చవ్వ నెట్టడం ఆపింది. వెనక్కి తిరగలేదు. ఒక చేత్తో నన్ను పట్టి, ఒక చేత్తో ఆయన వీపు నిమురుతూ, కాళ్లతో నీళ్లను మెల్లగా తొక్కుతూ అక్కడే నిలిచింది. కింద నేల లేదు. ఆమె మాట మాత్రం నేల మీద నిలబడ్డ మాటలాగే ఉంది.

"తొందర లేదు. దగ్గు. అయినంక పోదాం."

దగ్గు తగ్గింది. పోయారు.

తిప్ప మీద వెచ్చటి ఇసుకలో ఆయనను వెల్లకిలా పడుకోబెట్టారు. ఓదెలు పైకి చూశాడు. కర్ర కోసం చేయి చాచలేదు. కొట్టి చూడడానికి పైన ఏమీ లేదు. కాసేపటికి గురక పెట్టాడు. నెలల తర్వాత అది దగ్గు లేని నిద్ర.

బుచ్చవ్వ తడి చీరతో ఆయన పక్కన కూర్చుని, ఇవతలి ఒడ్డును చూసింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె ఆ ఒడ్డున కూర్చుని ఈ తిప్పను చూసింది. ఇక్కడ తీరిగ్గా కూర్చుని ఆ ఒడ్డును ఎప్పుడూ చూడలేదు. ఆయనకు మెలకువ వచ్చేదాకా ఆగి అడిగింది.

"అయ్యా, గా బట్టల బండ గింతేనా? ఇక్కడి నుంచి చూస్తే మేకపిల్లంత లేదు."

ఓదెలు తల తిప్పి చూశాడు.

"ఎప్పుడో తీస్కరావాల్సింది నిన్ను."

"తీస్కవచ్చుడు ఎందుకు, నాకు కాళ్లు లేవా? బట్టలు సూత్త అంటే సరే అన్నవ్. రెండోపారి అడిగినవా?"

ఆయన అబద్ధం చెప్పలేదు, అది మేలు. ఇసుకలో చేయి పాకించి ఆమె చేయి పట్టుకున్నాడు. "ఇసుక అంటుతాంది," అని ఆమె విసుక్కుంది. చేయి తీసుకోలేదు.

వానలు పడేదాకా మళ్లీ మళ్లీ పోయారు. సజ్జ కింద గదిలో టక్ టక్ ఆగిపోయింది. శ్రావణంలో ఓదెలు పోయాడు, వాకిట్లో నులక మంచం మీద, తెల్లవారుతుండగా. స్లాబు కింద కాదు. ఆ మంచం వాకిట్లోకి ఎవరు వేశారో నేను చెప్పక్కర్లేదు.

నెల మాసికానికి సదయ్య పెద్ద ఫ్లెక్సీ కొట్టించాడు. ఓదెలు చేతిలో చేప, వెనక కంప్యూటరుతో పెట్టిన జలపాతం. చుట్టాలు, తోటి కార్మికులు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. ఈతగాడు అన్నారు, గాలపోడు అన్నారు, అడవి గాలి తెలిసినోడు అన్నారు, సమ్మెల కాలనీకి కూడు పెట్టినోడు అన్నారు. అన్నీ నిజాలే. చివరికి సదయ్య "నువ్వూ ఒక మాట చెప్పవ్వా, బాపుకు అన్నిట్ల ఏది బాగొచ్చు?" అన్నాడు.

బుచ్చవ్వ విస్తర్ల లెక్కలో ఉంది. తలెత్తింది.

"ఆయినెకు అన్నీ పుట్టంగనే వచ్చినయ్, వాటి ముచ్చటెందుకు? కష్టపడి నేర్చింది ఒక్కటే. ఆఖర్ల ఒడ్డు మీద కూసునుడు నేర్చిండు. మస్తు మంచిగ కూసున్నడు నా మొగడు."

అని, కూర అందలేదని అరుస్తున్న బంతి వైపు పోయింది.

ఇక నా సంగతి. ఆ దసరా దాటాక, కాలనీలో డ్యూటీ దిగిపోయిన వాళ్ల భార్యలు, మొగుడు పోయినవాళ్లు, ఒకరూ ఇద్దరూ బుచ్చవ్వ దగ్గరికి వచ్చి నసిగారు. మాకూ నేర్పు అన్నారు. ఆమె తీసుకుపోయింది. నన్ను తీసుకుపోలేదు. "ట్యూబు లేదానె?" అని ఒకామె అడిగితే "దాంతోని నేర్చుకుంటే ఆలిశం," అంది. ఒక మధ్యాహ్నం పాత సామాన్ల బండి వీధిలోకి వస్తే తానే నన్ను ఎత్తుకొచ్చి వేసి, బదులుగా ఉల్లిగడ్డలు తీసుకుంది. తక్కువ ఇచ్చావని వాడితో పోట్లాడి ఇంకో గడ్డ కూడా లాక్కుంది.

నేను చిన్నబుచ్చుకోలేదు. లారీ నన్ను పారేసినప్పుడు నాలో మేకు దిగి ఉంది. ఈమె పారేసినప్పుడు నాలో ఏ లోపమూ లేదు, ఆమెకు నా అవసరం లేదు అంతే. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. మనుషుల్లో పెద్దలమని చెప్పుకునేవాళ్లకు ఈ తేడా అర్థమైతే లోకం కొంచెం బాగుపడుతుంది.

ఇప్పుడు తుక్కు కొట్టు వెనక కుప్పలో ఉన్నాను. కోసి పట్టీలు చేస్తారట, సైకిళ్ల మీద మూటలు కట్టడానికి. సగం కోశారు కూడా. నొప్పి లేదు. ఈ కొట్టు నదికి పోయే బాట పక్కనే ఉంది. పొద్దున్నే ఆడవాళ్లు గుంపుగా పోతుంటారు, చీరలు గోసి పెట్టుకుని, నవ్వుకుంటూ, ఒకరినొకరు తిట్టుకుంటూ. ముందు బుచ్చవ్వ. ఆమె ఈ కుప్ప వైపు చూడదు. చూడాల్సిన పని లేదు.

ఈ పొద్దున ఒక కొత్తామె వెనకబడింది. కొట్టు దగ్గర ఆగి చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడింది.

"అక్కా, నాకు భయమైతాంది. రేపొస్త."

బుచ్చవ్వ నడక ఆపలేదు.

"భయాన్ని గూడ ఎంటబెట్టుకొని రా. దానిగ్గూడ ఈత నేర్పుదాం."

ఆమె ఇంకో క్షణం నిలబడింది. తర్వాత చెప్పులు చంకలో పెట్టుకుని గబగబా వాళ్లను అందుకుంది. బాట మలుపు తిరిగింది. ఇక నాకు కనిపించలేదు. కొంచెంసేపటికి నీళ్ల చప్పుడు, ఆ తర్వాత ఒక పెద్ద కేక, ఆ తర్వాత తిట్లు.